చెప్పులు సముద్రం పట్టుకుపోయింది: తప్పు అలదా, పోటుదా, ప్రవాహానిదా?

తడికాళ్ళు
మొన్న జరిగిన సంగతి. ఉదయం 8 గంటలకు సముద్రం ఒడ్డున చెప్పులు విడిచి, ఇసుకలో చాలా దూరం నడుచుకుంటూ వెళ్ళాను. విడిచేటప్పుడు జాగ్రత్తగానే చూసుకున్నాను. పది నిమిషాలు నిలబడి అల ఎంత దాకా వస్తోందో గమనించి, దానికి ఇంకో ఇరవై అడుగులు వెనక పెట్టాను. మధ్యాహ్నం 2 గంటలకు తిరిగొస్తే చెప్పులూ లేవు, చెప్పులు పెట్టిన ఇసుకా లేదు. అక్కడ మోకాలి లోతు నీళ్ళు. గాలి లేదు, తుఫాను లేదు, అలలు పొద్దున ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి.

ఇంటికొచ్చి చెబితే తలా ఒక మాట. ఒకరు పెద్ద అల వచ్చి ఉంటుందన్నారు. ఒకరు చంద్రుడన్నారు. మా అబ్బాయేమో ప్రవాహం లాక్కుపోయింది అన్నాడు. నెట్‌లో వెతికితే అలలు కూడా చంద్రుడి వల్లే అని ఒకచోట, గాలి వల్ల అని ఇంకోచోట. అసలు అల, పోటు, ప్రవాహం ఒకటేనా, వేరువేరా? ఇంకో సందేహం కూడా. అలలు రాత్రీ పగలూ ఒడ్డుకే వస్తున్నాయి కదా, మరి ఆ నీళ్ళన్నీ ఒడ్డున పోగుపడవేం?

చిల్లరమాటలు
కొత్త చెప్పులా, పాతవా? సానుభూతి ఎంత చూపించాలో తెలియాలి కదా.

తడికాళ్ళు
కొని నెల కూడా కాలేదు.

చిల్లరమాటలు
అయ్యో. అయితే పూర్తి సానుభూతి.

చందమామ_77
దీనికి ఇంత చర్చ ఎందుకండీ. అన్నిటికీ చంద్రుడే కారణం. పౌర్ణమి నాడు అలలు ఎలా ఎగిసిపడతాయో నేను కళ్ళారా చూశాను. అలైనా పోటైనా ఆయన లాగితేనే.

లెక్కలమావయ్య
చందమామ గారూ, మీ కళ్ళను తప్పుపట్టను గానీ, ఇద్దరు చేసిన పనిని ఒక్కరి ఖాతాలో వేస్తున్నారు.

ఒడ్డున కనిపించే మామూలు అలలు గాలి పని. నీటి మీద గాలి వీస్తే ముందు సన్నటి ముడతలు లేస్తాయి. ముడతలు లేచాక గాలికి ఇంకాస్త పట్టు దొరుకుతుంది, దాంతో అవి పెరుగుతాయి. అల ఎంత పెద్దదవుతుందన్నది గాలి ఎంత వేగంగా వీచింది, ఎంతసేపు వీచింది, అడ్డులేకుండా ఎంత మేర నీటి మీద వీచింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. చెరువులో ఎంత గాలి వీచినా తాటిచెట్టంత అల లేవకపోవడానికి కారణం ఆ చివరిదే.

తడికాళ్ళు గారు గాలి లేదు అన్నారు. ఉంది, కాకపోతే అక్కడ కాదు. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల కొన్ని రోజుల కిందట వీచి ఆగిపోయిన గాలి ఇప్పుడు మీ కాళ్ళు తడుపుతోంది. 1963లో వాల్టర్ మంక్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం న్యూజిలాండ్ నుంచి అలాస్కా దాకా వరుసగా కేంద్రాలు పెట్టి, దక్షిణాన అంటార్కిటికా వైపు తుఫానుల్లో పుట్టిన అలలు పసిఫిక్ మొత్తం దాటి ఉత్తరానికి చేరడాన్ని కొలిచారు.

సందేహాలపుట్ట
అంటే అంటార్కిటికా నీళ్ళు అలాస్కాకు వచ్చాయా? నమ్మలేకపోతున్నాను.

లెక్కలమావయ్య
నమ్మకండి, రాలేదు కాబట్టి. పైరు మీద గాలి వీచినప్పుడు అలలాగా ఒక ఊపు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతుంది చూడండి. ఒక్క మొక్కైనా కదిలి అవతలి గట్టుకు వెళ్ళిందా? సముద్రంలోనూ అంతే. వెళ్ళేది ఊపు, అంటే శక్తి. నీరు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది: అల శిఖరం కింద ముందుకు, పల్లం కింద వెనక్కి. నీటి మీద తేలే బెండు ముక్కను చూస్తే పైకి, ముందుకు, కిందికి, వెనక్కి తిరిగి దాదాపు మొదటి చోటికే వస్తుంది. లోతుకు పోయేకొద్దీ ఈ చుట్లు చిన్నవైపోతాయి. రెండు శిఖరాల మధ్య దూరంలో సగం లోతుకు దిగితే పైన అల ఉందన్న సంగతే దాదాపు తెలియదు.

దాదాపు అన్నాను గమనించండి. చుట్టు పూర్తిగా మూసుకోదు, ప్రతి తిప్పుకూ కాస్త ముందుకు జరుగుతుంది. బెండు ముక్కలు చివరికి ఎక్కడో ఒడ్డున తేలడానికి అదీ ఒక కారణం.

గాలిపటం
మరి గాలి ఏ దిక్కు నుంచి వీచినా అలలు మాత్రం బుద్ధిగా ఒడ్డుకే తిరిగి వస్తాయేం? చిన్నప్పటి నుంచీ ఉన్న అనుమానం.

పాతసరంగు
వంకరగానే వస్తాయి, దారిలో తిరుగుతాయి. లోతు తగ్గితే అల నెమ్మదిస్తుంది. ఏటవాలుగా వస్తున్న అలకు ఒడ్డుకు దగ్గరగా ఉన్న కొస ముందు మెరకలోకి వచ్చి నెమ్మదిస్తుంది, దూరంగా ఉన్న కొస ఇంకా వేగంగా వస్తూనే ఉంటుంది. దాంతో మొత్తం వరుస ఒడ్డు వైపుకు మలుపు తిరుగుతుంది. వరుసగా నడుస్తున్న సైనికులు తిరగడం చూశారుగా, లోపలివాడు అడుగు తగ్గిస్తాడు.

అల విరిగేది కూడా మెరకలోనే. నీటి లోతు అల ఎత్తుకు కాస్త ఎక్కువ ఉన్నచోట, అడుగు ఆగిపోయి తల ముందుకు తూలుతుంది.

గాలిపటం
ముప్పై ఏళ్ళ అనుమానం మూడు ముక్కల్లో తీరింది. సరంగు గారికి దణ్ణం.

చిల్లరమాటలు
చెప్పుల సంగతి ఎవరూ తేల్చడం లేదు.

పాతసరంగు
తేలుస్తాను. ఇరవై ఏళ్ళు ఓడల మీద చేశాను, ఇలాంటివి చాలా చూశాను. తడికాళ్ళు గారూ, మొన్న అంటే పౌర్ణమి మరుసటి రోజు కదా? మీరు చెప్పులు పెట్టింది ఆటు అడుగంటిన వేళలో. తిరిగొచ్చింది పోటు నిండిన వేళలో. ఆటుకూ పోటుకూ మధ్య చాలాచోట్ల 6 గంటల 12 నిమిషాలు పడుతుంది. మీ 8కీ 2కీ మధ్య ఎంత? ఆరు గంటలు. అచ్చంగా అదే.

మిమ్మల్ని మోసం చేసింది మీరు పడ్డ జాగ్రత్తే. ఆ పది నిమిషాల గమనింపు. నీరు ఆరు గంటలూ ఒకే వేగంతో పెరగదు. మా నావికులకు ఒక పన్నెండో వంతు లెక్క ఉంది. మొత్తం పెరిగేదాన్ని పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో 1, తర్వాత 2, 3, 3, 2, చివరి గంటలో మళ్ళీ 1. అంటే సగం నీరు మధ్య రెండు గంటల్లోనే వచ్చేస్తుంది. మీరు చూసిన పది నిమిషాలు మొదటి గంటలోవి, అప్పుడు నీరు దాదాపు కదలదు. మీరు చూసింది అలను. మీ చెప్పులు తీసింది నీటి మట్టం. అల ఎంత పొడవు నాలుక చాస్తుందో చూశారు గానీ, ఆ నాలుక ఉన్న నోరే జరిగొస్తుందని ఊహించలేదు.

ఇంకో మాట. ఒడ్డు ఎంత బల్లపరుపుగా ఉంటే అంత మోసం. యాభై అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న ఇసుకలో నీరు మూడడుగులు పెరిగితే నీటి అంచు నూట యాభై అడుగులు లోపలికి వస్తుంది. మీ ఇరవై అడుగులు ఏ మూలకు?

తడికాళ్ళు
నిజమే, పౌర్ణమి మరుసటి రోజే! మీకెలా తెలిసింది?

పాతసరంగు
మీరు పోస్టు పెట్టిన తేదీ ఉంది కదండీ.

చందమామ_77
చూశారా, చివరికి చంద్రుడే దొంగ. నేను మొదట చెప్పిందే.

లెక్కలమావయ్య
ఒప్పుకుంటున్నాను, పోటు వరకు. మీరు కళ్ళారా చూసిన పౌర్ణమి అలల్లోనూ కొంత నిజం ఉంది. ఆ రోజుల్లో పోటు ఎత్తుగా ఉంటుంది, ఒడ్డు దగ్గర నీరు లోతవుతుంది, అందుకని అదే అల మనకు ఇంకా దగ్గరగా వచ్చి విరుగుతుంది. దగ్గర్లో విరిగితే పెద్దదిగానే కనిపిస్తుంది. అలను పుట్టించింది మాత్రం గాలే.

సందేహాలపుట్ట
నాకు ఎప్పటికీ అర్థం కానిది ఇదే. చంద్రుడు లాగితే ఆయన వైపు నీరు ఉబ్బాలి, సరే. రోజుకు రెండు పోట్లు ఎలా? అవతలి పక్క ఎవరు లాగుతున్నారు?

ఇంజినీరు_బాబు
సింపుల్. చంద్రుడి వైపు గురుత్వాకర్షణ, అవతలి వైపు భూమి తిరగడం వల్ల బయటికి తోసే సెంట్రిఫ్యూగల్ ఫోర్స్. బకెట్లో నీళ్ళు తిప్పినట్టు. స్కూల్లో ఇలాగే చెప్పారు.

లెక్కలమావయ్య
బాబూ, ఆ బకెట్ చాలామందిని ముంచింది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల వచ్చే ఉబ్బు భూమధ్యరేఖ అంతా ఒకేలా ఉంటుంది. అది పొద్దున ఉండి మధ్యాహ్నం పోయేది కాదు. ఆటుపోట్లకు దానితో పని లేదు.

ఇలా ఆలోచించండి. ముగ్గురు ఒకే వరుసలో చంద్రుడి వైపు పడిపోతున్నారు అనుకోండి. దగ్గరగా ఉన్నవాడిని చంద్రుడు గట్టిగా లాగుతాడు, మధ్యవాడిని కాస్త తక్కువగా, దూరంగా ఉన్నవాడిని ఇంకా తక్కువగా. మధ్యవాడు భూమి. అతను చుట్టూ చూస్తే ఏం కనిపిస్తుంది? ముందున్నవాడు తనకంటే ముందుకు పోతున్నాడు, వెనకున్నవాడు వెనకబడిపోతున్నాడు. ఇద్దరూ తన నుంచి దూరమవుతున్నారు. అవే రెండు ఉబ్బులు. అవతల ఎవరూ లాగడం లేదు, అక్కడి నీరు వెనకబడింది అంతే.

ఇందులో ముఖ్యమైనది లాగుడు కాదు, లాగుడులో తేడా. అందుకే సూర్యుడు భూమిని చంద్రుడి కంటే సుమారు 180 రెట్లు గట్టిగా లాగుతున్నా, ఆటుపోట్లలో ఆయన వాటా చంద్రుడి వాటాలో సగానికి కూడా రాదు. దూరం ఎక్కువైతే ఈ చివరికీ ఆ చివరికీ తేడా చాలా త్వరగా తగ్గిపోతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ ఇద్దరూ ఒకే గీత మీదకు వస్తారు, పోటు పెద్దది. అష్టమి ప్రాంతంలో అడ్డంగా ఉంటారు, పోటు చిన్నది. చాలాచోట్ల ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది.

ఇంజినీరు_బాబు
భూమి, చంద్రుడు కలిసి ఒక ఉమ్మడి కేంద్రం చుట్టూ తిరుగుతాయి కదా? ఆ లెక్కలో సెంట్రిఫ్యూగల్ పెట్టి చేసినా జవాబు సరిగ్గానే వస్తుంది. చేసి చూసుకోండి.

లెక్కలమావయ్య
వస్తుంది. అయితే ఆ లెక్కలో అది భూమి మీద ప్రతి చోటా ఒకే పరిమాణంలో, ఒకే దిక్కులో ఉంటుంది. ఒకేలా ఉన్నది తేడా ఎలా తెస్తుంది? మీ మొదటి బకెట్ అది కాదు. బకెట్ ఉపసంహరించుకుంటే రాజీ.

ఇంజినీరు_బాబు
బకెట్ వెనక్కి తీసుకున్నాను. స్కూలు ఫీజు ఎవరిస్తారు?

రాత్రిగుడ్లగూబ
చిన్న సవరణ. చంద్రుడు నీటిని పైకి ఎత్తుతాడు అన్నట్టు రాస్తున్నారు. ఆ ఎత్తే బలం మన బరువులో సుమారు కోటో వంతు, దానితో ఏమీ లేవదు. అసలు పని జరిగేది పక్కవాటంగా. విశాలమైన సముద్రం అంతటా నీటిని కొద్ది కొద్దిగా ఒక వైపుకు జరుపుతాడు, అది పోగుపడుతుంది. బావిలో, స్విమ్మింగ్ పూల్‌లో పోటు కనిపించకపోవడానికి కారణం ఇదే, జరగడానికి చోటు లేదు.

ఇంకా చెప్పాలంటే ఆ రెండు ఉబ్బుల బొమ్మ కూడా పుస్తకాల్లోదే. ఉబ్బు చంద్రుడి కిందే ఉండాలంటే భూమధ్యరేఖ దగ్గర గంటకు 1,600 కిలోమీటర్ల పైచిలుకు పరుగెత్తాలి. నాలుగు కిలోమీటర్ల లోతు సముద్రంలో ఇంత పొడవైన అల గంటకు సుమారు 700 కిలోమీటర్లకు మించి పోలేదు, సునామీ వేగం అదే. పైగా దారిలో ఖండాలు అడ్డం. కాబట్టి నిజంగా జరిగేది వేరు: ప్రతి సముద్రమూ పళ్ళెంలో నీళ్ళలా తనదైన తీరులో తొణుకుతుంది, భూభ్రమణం వల్ల ఆ తొణుకు గుండ్రంగా తిరుగుతుంది. తిరిగే చోట నట్టనడుమ పోటు దాదాపు ఉండదు. ఈ దారి చూపింది 1770ల్లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్.

కెనడాలోని ఫండీ అఖాతంలో నీరు ఒక పోటుకు 16 మీటర్ల దాకా లేస్తుంది, చంద్రుడు అక్కడేం ప్రత్యేకంగా లాగడం లేదు. ఆ అఖాతం సహజంగా తొణికే వ్యవధి పోటు వ్యవధి 12 గంటల 25 నిమిషాలకు దగ్గరగా ఉంది. ఉయ్యాల సరిగ్గా ఊగే సమయానికి తోసినట్టు. మధ్యధరా సముద్రంలో మాత్రం చాలాచోట్ల అడుగు కూడా లేవదు.

సందేహాలపుట్ట
రెండు ఉబ్బులు ఇప్పుడే అర్థమయ్యాయి అనుకుంటుంటే అవీ లేవంటున్నారు. మీకు పుణ్యముంటుంది, నిద్రపోండి.

గట్టుమీదపిల్లి
తడికాళ్ళు గారి రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు, ఒడ్డుకొచ్చిన నీళ్ళు ఎటు పోతాయని. నేను చెప్తాను, ఎందుకంటే ఒకసారి ఆ నీళ్ళతో పాటే వెళ్ళాను.

కాలేజీ రోజుల్లో స్నేహితులతో సముద్రంలో దిగాను. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో ఒక్కచోట ప్రశాంతంగా ఉంది. ఈత రాకపోయినా పరవాలేదు అనిపించేంత నెమ్మది. అక్కడే దిగాను. రెండు నిమిషాల్లో కాలికి నేల తగల్లేదు. ఒడ్డు వైపు ఎంత ఈదినా ఒడ్డు చిన్నదైపోతోంది. అరుద్దామంటే నోట్లో నీళ్ళు. టెన్షన్‌లో ఇంకా గట్టిగా ఈదాను, చేతులు చచ్చుబడ్డాయి. చివరికి ఓపిక లేక వెల్లకిలా పడుకున్నాను. అదే బతికించింది. ఆ లాగుడు కాసేపటికి అలలు విరిగే గీత దాటాక దానంతట అదే సడలింది. పక్కకు జరిగాను, అలలే తోసుకుంటూ ఒడ్డుకు తెచ్చాయి.

ఆ నెమ్మదైన చోటే ప్రమాదమని తర్వాత తెలిసింది. అలలు తెచ్చిన నీరంతా తిరిగి వెళ్ళడానికి ఇసుకలో లోతైన కాలువ ఒకటి చేసుకుంటుంది. లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ అల విరగదు, అందుకే ప్రశాంతంగా కనిపిస్తుంది.

పాతసరంగు
ప్రతి ఒక్కరూ చదవాల్సిన పోస్టు ఇది. రిప్ కరెంట్ అంటారు. జోరు మీద ఉంటే సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది, ఒలింపిక్ ఈతగాడు కూడా ఎదురీదలేడు. రెండు సంగతులు గుర్తుంచుకోండి. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా మోసుకుపోతుంది. వెడల్పు ఎక్కువ ఉండదు కాబట్టి ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యి ఊపాలి. చనిపోయేవాళ్ళు చాలావరకు ఎదురీది అలసిపోయినవాళ్ళే.

తడికాళ్ళు
ఒళ్ళు జలదరించింది. మొన్న నేను నడుస్తూ అలాంటి నెమ్మదైన చోట ఫోటో కూడా దిగాను.

సందేహాలపుట్ట
అయితే ఇదేనా సముద్ర ప్రవాహం అంటే?

రాత్రిగుడ్లగూబ
(నిద్ర పట్టలేదు.) కాదు, ఇది గల్లీ ప్రవాహం. పెద్దవి వేరు. ఏడాది పొడవునా ఒకే దిక్కుకు వీచే గాలులు నీటి పైపొరను ఈడుస్తాయి, భూభ్రమణం దాన్ని ఉత్తరార్ధగోళంలో కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకు మళ్ళిస్తుంది. 1893–96 మధ్య నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన ఓడను ఆర్కిటిక్ మంచులో చిక్కుకోనిచ్చి కూర్చున్నప్పుడు, మంచు గాలి వెంట కాకుండా దానికి కుడివైపుగా 20 నుంచి 40 డిగ్రీలు పక్కకు పోతోందని గమనించాడు. ఎందుకో లెక్కకట్టి 1905లో ప్రచురించింది స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్. ఇలా మళ్ళి మళ్ళి ఒక్కో మహాసముద్రంలో పెద్ద సుడులు ఏర్పడ్డాయి. హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో తమాషా ఏమిటంటే, రుతుపవనాలు దిక్కు మారితే సోమాలియా తీరపు ప్రవాహం ఏకంగా వెనక్కి తిరుగుతుంది.

అంటార్కిటికా చుట్టూ తిరిగే ప్రవాహం ఒక్కటే ప్రపంచంలోని నదులన్నీ కలిపిన దానికి వంద రెట్లకు పైగా నీరు మోస్తుంది. ఇక అడుగున నడిచేది ఇంకో కథ. గ్రీన్‌లాండ్ దగ్గర, అంటార్కిటికా దగ్గర చల్లని ఉప్పు నీరు బరువెక్కి మునిగి, లోతుల్లో వందల ఏళ్ళ పాటు పాకుతుంది. దానికి గాలితో కంటే చలి, ఉప్పుతోనే పని.

చిల్లరమాటలు
చెప్పులు ఆ అడుగు ప్రవాహంలో పడితే మునిమనవళ్ళకు దొరుకుతాయన్నమాట.

గాలిపటం
చెప్పులు తేలతాయి, మునగవు. 1990లో ఉత్తర పసిఫిక్‌లో ఒక ఓడ మీద నుంచి కంటైనర్లు పడి పదివేల లెక్కలో బూట్లు సముద్రంలో కలిశాయి. అవి ఎక్కడెక్కడ తేలాయో పోగుచేసి కర్టిస్ ఎబ్స్‌మేయర్ అనే శాస్త్రవేత్త ప్రవాహాల లెక్క సరిచూసుకున్నాడు. 1992లో పడిన 28,800 ప్లాస్టిక్ స్నానపు బొమ్మలదీ అదే కథ, బాతులు, తాబేళ్ళు. విచిత్రం ఏమిటంటే ఎడమ బూటు, కుడి బూటు వంపు వేరు కాబట్టి గాలికి వేరువేరుగా తిరిగి, కొన్నిచోట్ల ఎక్కువగా ఎడమవే, కొన్నిచోట్ల ఎక్కువగా కుడివే ఒడ్డుకు చేరాయట.

చిల్లరమాటలు
కాపురం చెడగొట్టింది సముద్రం.

చందమామ_77
ప్రతి ఏడో అల పెద్దది అంటారు, అదైనా నిజమా? చెప్పులు తీసింది ఏడోదేమో.

లెక్కలమావయ్య
అంకె నిజం కాదు, వెనకున్న సంగతి నిజం. రెండు తుఫానుల నుంచి వచ్చిన అలలు కలిస్తే కాసేపు ఒకదానికొకటి తోడై పెద్దవి, కాసేపు రద్దయి చిన్నవి. పెద్దవి గుంపుగా వస్తాయి. గుంపు ఏడుకు రావచ్చు, పన్నెండుకు రావచ్చు. అరుదుగా చాలా అలలు ఒకేచోట కలిసి రాక్షస అల లేస్తుంది. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలో డ్రౌప్నర్ అనే గ్యాస్ వేదిక దగ్గర 25.6 మీటర్ల అల పరికరానికి చిక్కింది. అంతకుముందు నావికులు చెబితే అతిశయోక్తి అని కొట్టిపారేసేవాళ్ళు.

పాతసరంగు
కొట్టిపారేసినవాళ్ళలో ఎవరూ ఓడ ఎక్కలేదు.

తడికాళ్ళు
ఆ రోజు పోటు పట్టిక దొరికింది. ఆటు 7:50కి, పోటు 2:05కి. సరంగు గారు చెప్పింది దాదాపు నిమిషాలతో సహా సరిపోయింది. ఈ ఆదివారం మళ్ళీ వెళ్ళాను, కొత్త చెప్పులతో. ఈసారి అలను చూడలేదు, ఇసుకలో నాచు, పుల్లలు, గవ్వలు వరుసగా ఆగిన గీత చూశాను, నీరు అక్కడి దాకా వచ్చి వెళ్ళిందనే కదా. కానీ అలాంటి గీతలు రెండున్నాయి. ఒకటి తడిగా కింద, ఒకటి ఎండిపోయి బాగా పైన. ఏది నమ్మాలి?

పాతసరంగు
పైది. కిందిది నిన్నటి పోటుది, పైది మీ పౌర్ణమిది. రాబోయే అమావాస్యకు నీరు మళ్ళీ అక్కడికి వస్తుంది.

చిల్లరమాటలు
చేత్తో పట్టుకుని నడవొచ్చు కదండీ.